పండుగ భోజనం: పెద్దనాన్నకు విడిగా వండాలా?

ప్రశ్న: ఈసారి పండుగ భోజనం మా ఇంట్లో. మొత్తం పన్నెండు మందిమి. మా పెద్దనాన్నకు అరవై ఎనిమిదేళ్లు. గుండె బలహీనపడి, ఒంట్లో నీరు చేరి, మూడు నెలల కిందట ఆసుపత్రిలో ఉండి వచ్చారు. రోజుకు సోడియం 2,000 మిల్లీగ్రాములు దాటకూడదని డాక్టర్ గారు చెప్పారట. "ఆయనకు నేనే ఇంట్లో చప్పిడిగా వండి డబ్బాలో తెస్తాను, నువ్వు హైరానా పడకు" అంటోంది పెద్దమ్మ. "ఒక్క పూటకు ఏమవుతుంది, పండుగ పూట ఆయన నోరు కట్టేయడం ఎందుకు" అంటోంది అమ్మ. తమ్ముడేమో లో-సోడియం ఉప్పు ప్యాకెట్ తెస్తానంటున్నాడు. ఇక పెద్దనాన్న, ఎవరూ చూడనప్పుడు ఊరగాయ వేసుకునే రకం. చప్పగా వండితే పిల్లలు ముట్టరు. నాకు ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. ఏం వండను, ఎలా వండను?

సమాధానం: ముందు మీ పెద్దమ్మగారికి ఫోన్ చేసి డబ్బా తేవద్దని చెప్పండి. పదకొండు మంది ఒకటి తింటుంటే ఒక్క మనిషి ముందు డబ్బా మూత తీసిపెడితే, ఆయన పేషెంటని మళ్లీ అందరికీ చాటి చెప్పినట్టే అవుతుంది. పైగా మూడు నెలలుగా ఆవిడ రెండు రకాల వంట చేస్తూనో, తనూ చప్పిడే తింటూనో ఉండి ఉంటారు. పండుగ రోజైనా ఆవిడ ఖాళీ చేతులతో వచ్చి హాయిగా కూర్చోవాలి.

నా సలహా ఇది. వంట అందరికీ ఒకటే చేయండి. గిన్నెలో ఉప్పు కొలిచి, తక్కువ వేయండి. ఇంకా కావాలన్నవాళ్లు తమ పళ్లెంలో పైన చల్లుకుంటారు. పిల్లలు ముట్టరన్న మీ భయానికి కూడా ఇందులోనే జవాబు ఉంది, కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

మీ అమ్మగారి మాటలో ప్రేమే ఉంది కానీ, ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినకండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక పూట ఉప్పు ఎక్కువైతే ఆ రాత్రి దాహం వేస్తుంది, మర్నాడు కాస్త ఉబ్బరంగా ఉంటుంది, అంతటితో పోతుంది. గుండె బలహీనంగా ఉండి, ఇప్పటికే ఒకసారి నీరు చేరిన మనిషి సంగతి అలా కాదు. సెలైన్ సీసా అందరం చూసిందే కదా, అందులో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. రక్తంలోని ఉప్పదనానికి దగ్గరగా ఉండాలనే ఆ లెక్క. దాన్నే తిరగేసి చూడండి. ఒంట్లో 9 గ్రాముల ఉప్పు బయటికి పోకుండా నిలిచిపోతే, దాన్ని పలచన చేయడానికి శరీరం దాదాపు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీటినంతా తోయాల్సింది అలసిన గుండె. ఊరగాయ, వేపుడు, సాస్, ప్యాకెట్ చిరుతిండి అన్నీ కలిసిన పండుగ రోజున 9 గ్రాములు తినేయడం ఏమంత కష్టం కాదు. కాళ్లు వాయడం, పడుకుంటే ఆయాసం రావడం, మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తడం కొంతమందిలో ఇలాంటి ఒకటి రెండు పూటల తర్వాత మొదలవుతాయి. అమ్మగారికి ఈ సెలైన్ లెక్క చెప్పి చూడండి. "డాక్టర్ వద్దన్నారు" అంటే వినని పెద్దవాళ్లు కూడా కారణం తెలిస్తే మెత్తబడతారు.

ఇంకో మాట కూడా ఆవిడ చెవిన వేయండి. 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు, రోగులకని ప్రత్యేకంగా పెట్టిన పథ్యమేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా అంతకంటే తక్కువే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సగటున మనుషులు తింటున్నది మాత్రం 4,310 మిల్లీగ్రాములని కూడా అదే సంస్థ లెక్క, అంటే రెండింతలు దాటిపోయింది. కాబట్టి ఆ రోజు పెద్దనాన్నగారి కోసమని వండేది మిగతా పదకొండు మందికీ పనికొచ్చే వంటే. ఇది నలుగురిలో ఉపన్యాసంలా చెప్పకండి, మీకు ధైర్యం ఉండడానికి చెబుతున్నాను.

పెద్దమ్మగారికి ఫోన్ చేసినప్పుడే మరికొన్ని విషయాలు అడిగి రాసుకోండి. ఆ 2,000 అన్నది ఇంకా అంతేనా, ఈ మధ్య డాక్టర్ మార్చారా? తాగే నీళ్లకు కూడా కొలత పెట్టారా? పెడితే సూప్, పులుసు, పళ్లరసం, మజ్జిగ, చివరికి ఐస్ ముక్కలు కూడా ఆ కొలతలోకే వస్తాయి. పొటాషియం తగ్గించమన్నారా? కిడ్నీల పనితీరు కూడా తగ్గినవాళ్లకు అలా చెబుతారు. అదే అయితే టమాటా, బంగాళాదుంప, అరటిపండు, కొబ్బరినీళ్లు, చిక్కుడు జాతి గింజలు కూడా చూసుకుని పెట్టాలి, నేను కింద చెప్పబోయే వంటలో కొంత మార్చుకోవాలి. షుగర్ ఉందా? అన్నీ అయ్యాక, అసలు ముఖ్యమైన ప్రశ్న అడగండి. ఈ మూడు నెలల్లో ఆయన దేనికోసం ఎక్కువ మొహం వాచి ఉన్నారు? దొరికిన జవాబును బట్టే మెనూ మొదలుపెట్టండి. ఆయనకు ఇష్టమైన ఒక్క వంటకం బాగా కుదిరితే, మిగతావి ఎంత సాదాగా ఉన్నా ఆయన పట్టించుకోరు.

ఇప్పుడు లెక్క. వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" అని రాసి వదిలేస్తారు, ఆ రోజు మీకు అది చాలదు, అంకె కావాలి. ఒక టీ స్పూన్ ఉప్పులో సుమారు 2,300 మి.గ్రా. సోడియం ఉంటుంది. అంటే ఆయన రోజంతటి వాటా ఒక స్పూన్ కూడా కాదు. పొద్దున, రాత్రి తేలిగ్గా 500 చొప్పున అనుకుందాం. మధ్యలో ఎవరో బలవంతం చేసి ఏదో నోట్లో పెడతారు కాబట్టి దానికో 200 పక్కన పెడదాం. పండుగ భోజనానికి 800 మిగిలింది. ఇందులో ఉప్పు వేయకపోయినా పదార్థాల్లో సహజంగా ఉండే సోడియం కొంత పోతుంది. నూట యాభై గ్రాముల పచ్చి చికెన్‌లో వంద పైచిలుకు, ఒక గుడ్డులో 70, కప్పు పెరుగులో దాదాపు అంతే, కూరగాయలన్నీ కలిపి ఇంకో యాభై. బియ్యంలో లెక్కలోకి వచ్చేంత ఉండదు. అంతా కలిపితే సుమారు 300. అంటే మీరు చేత్తో వేసే ఉప్పు రూపంలో ఆయన పళ్లెంలోకి రాగలిగింది 500. పావు స్పూన్‌కి కాస్త తక్కువ.

తక్కువే అనిపిస్తుంది కానీ, చూస్తూ ఖర్చు పెడితే సరిపోతుంది. పన్నెండు మందికి సరిపడే కూరలో సమంగా కొలిచిన ఒక్క స్పూన్ ఉప్పు వేస్తే ఒక్కొక్కరి వాటాకు సుమారు 190 మి.గ్రా. వస్తుంది. అలాంటివి రెండు వంటకాలు చేయొచ్చు. మిగిలిన వంద పైచిలుకుతో ఆయన తన పళ్లెంలో తనే ఒక చిటికెడు చల్లుకోవచ్చు. మిగతా వంటకాలన్నీ ఉప్పు లేకుండానే రుచిగా ఉండేవి ఎంచుకోవాలి. అన్ని గిన్నెల్లో కొంచెం కొంచెం వేస్తే ఏదీ రుచించదు, ఉప్పు మాత్రం అయిపోతుంది. రెండింటికి పెట్టండి, మిగతావాటికి మానేయండి.

దీనికో చిన్న ఏర్పాటు చేసుకోండి. పొద్దున్నే ఆ రోజు వంటకు కావలసిన ఉప్పు కొలిచి చిన్న గిన్నెలో పోసి పెట్టుకోండి, ఉప్పు డబ్బా ఎత్తి పై అరలో పెట్టేయండి. పండుగ రోజు వంటింట్లోకి నలుగురు వస్తారు, పోతారు. ఒకరు గరిటె తిప్పి రుచి చూస్తారు, "ఉప్పు తక్కువైంది, నేను వేశాన్లే" అంటారు. ఆ సంగతి తెలియని ఇంకొకరు మళ్లీ వేస్తారు. డబ్బా కనబడకపోతే సగం గొడవ ఉండదు. వండే మీకు కూడా ఇది కాపలా. ఉప్పుకు అలవాటు పడిన నాలుకతో రుచి చూస్తే ఎవరికైనా ఇంకొంచెం వేయాలనే అనిపిస్తుంది. పెద్దనాన్నగారి నాలుక అలా లేదు. ఉప్పు తగ్గించిన కొన్ని వారాల్లో నాలుక సర్దుకోవడం మొదలుపెడుతుంది, మీకు చప్పగా ఉన్నది ఆయనకు సరిపోయేలాగే ఉండొచ్చు. ఒకవేళ కూరలో ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే లాగేస్తుందన్న చిట్కాను నమ్ముకోకండి. దుంప ఉప్పునీటిని పీల్చుకుంటుంది, గిన్నెలో మిగిలిన పులుసు ముందెంత ఉప్పగా ఉందో అంతే ఉంటుంది. ఉప్పు వేయని కూర ఇంకొంత వండి కలపడం ఒక్కటే దారి.

గులాబీ రంగు ఉప్పు, సముద్రపు ఉప్పు, రాతి ఉప్పు వాడితే మంచిదని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. తూకంలో అన్నిటిలోనూ సోడియం దాదాపు ఒకటే. గళ్ల ఉప్పు స్పూన్‌తో కొలిస్తే మధ్యలో ఖాళీల వల్ల కొంచెం తక్కువ పడుతుంది, అంతే తేడా. చిన్న కాటా ఉంటే గ్రాముల్లోనే తూచుకోండి. గ్రాము ఉప్పంటే దాదాపు 400 మి.గ్రా. సోడియం.

సరుకుల దగ్గరే సగం పని ఉంది. ఉప్పు డబ్బా కంటే ప్యాకెట్లూ సీసాలే ఎక్కువ మోసం చేస్తాయి. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో 900 మి.గ్రా. వరకు ఉంటుంది, ఆయన భోజనం వాటా అంతా అక్కడే ఖతం. సూప్ క్యూబులు దాదాపు సగం ఉప్పే. రెడీమేడ్ మసాలా పొడుల మీద రాసిన పదార్థాల వరుస చదవండి, చాలావాటిలో ఉప్పు మొదటి రెండు మూడు పేర్లలోనే కనిపిస్తుంది. ఒక స్పూన్ వంటసోడాలో సుమారు 1,250 మి.గ్రా. సోడియం ఉంటుందని చాలామందికి తట్టదు, ఎందుకంటే అది ఉప్పగా ఉండదు. గింజలు మెత్తబడతాయని నానబెట్టేటప్పుడు సోడా వేసే అలవాటుంటే ఆ రోజుకు మానుకోండి, రాత్రంతా నానితే ఎలాగూ ఉడుకుతాయి. డబ్బాలో వచ్చే ఉడికించిన గింజలైతే నీళ్లు వంపేసి, ధార కింద బాగా కడిగితే సోడియం సుమారు 40 శాతం పోతుంది. వెన్న ఉప్పు లేనిదే కొనండి. బ్రెడ్ ఉప్పగా అనిపించదు కానీ ఒక్కో స్లైసులో వంద నుంచి రెండు వందల దాకా ఉంటుంది. అందుకే ఆ పూటకు అన్నమే మేలంటాను.

చికెన్, చేప, రొయ్యలు కొంటే ఒక సంగతి గమనించండి. ప్యాకెట్‌లో వచ్చే మాంసంలోకి ముందే ఉప్పునీరు ఎక్కించి అమ్మేవాళ్లున్నారు, బరువు పెరుగుతుంది, మెత్తగా ఉడుకుతుంది. మామూలు పచ్చి చికెన్‌లో వంద గ్రాములకు 60 నుంచి 80 మి.గ్రా. సోడియం ఉంటుంది. లేబుల్ మీద అంకె వంద బాగా దాటి ఉంటే ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయండి. తొక్క తీసి ఫ్రీజ్ చేసిన రొయ్యల విషయంలో మరీ జాగ్రత్త.

లేబుల్ మీద పెద్ద అక్షరాల జోలికి వెళ్లకండి. "సోడియం తగ్గించినది" అన్న మాటకు అమెరికా నిబంధన ప్రకారం అర్థం, అదే సరుకు మామూలు రకం కంటే పాతిక శాతం తక్కువ అని మాత్రమే. ఎనిమిది వందలు ఉన్నది ఆరు వందలైతే ఆయనకు ఒరిగేదేమీ లేదు. "తక్కువ సోడియం" అంటే అక్కడ ఒక వడ్డనకు 140 మి.గ్రా. లోపు, యూరప్‌లో వంద గ్రాములకు 120 లోపు. యూరప్ సరుకుల మీద సోడియం బదులు ఉప్పు అంకె వేస్తారు, దాన్ని రెండున్నరతో భాగిస్తే సోడియం వస్తుంది. అన్నిటికంటే ముందు ఆ అంకె ఎంత పరిమాణానికో చూడండి. చారెడు కూడా లేని దాన్ని ఒక వడ్డన అని రాసి, అంకె చిన్నదిగా చూపించడం కంపెనీలకు అలవాటే.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. ఉప్పు తగ్గితే ఉప్పదనం ఒక్కటే తగ్గుతుందనుకుంటాం. ఉప్పు చేదును అణచిపెడుతుంది కూడా. అది తీసేసరికి మామూలుగా తెలియని చేదు, వగరు పైకి తేలతాయి. అందుకే చేదు కూరగాయల్ని, వగరు ఆకుల్ని ఆ రోజుకు పక్కన పెట్టి, సహజంగా తియ్యదనం ఉన్నవాటిని ఎంచుకోండి. క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప, పచ్చి బఠాణీ, మొక్కజొన్న, ఉల్లిపాయ. వీటిని ఉడకబెట్టకండి, కాల్చండి. వేలెడు లావు ముక్కలు కోసి, గుడ్డతో తడి అద్ది, కాస్త నూనె పట్టించి, ముక్కకూ ముక్కకూ మధ్య ఎడం ఉండేలా పరిచి పెద్ద మంట మీద కానీ ఓవెన్‌లో కానీ అంచులు ముదురు రంగుకు తిరిగేదాకా ఉంచండి. ఇరుకుగా పోస్తే ఆవిరికి ఉడికిపోతాయి, రంగు రాదు, రంగు రాకపోతే రుచీ రాదు. దింపాక నిమ్మరసం, దంచిన మిరియాలు. దీనిలో ఉప్పు అసలు వేయనక్కర్లేదు, వేయలేదని చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

ఉప్పు వేసే రెండు వంటకాల్లో ఒకటి పుట్టగొడుగులు, టమాటా కలిపిన చిక్కటి కూర అయితే బాగుంటుంది, చికెన్ తినేవాళ్లయితే ఆ ముక్కలూ అందులోనే. టమాటాలో, పుట్టగొడుగుల్లో, ముఖ్యంగా ఎండిన పుట్టగొడుగుల్లో, నాలుకకు నిండుగా తగిలే ఒక మాంసపు రుచి సహజంగానే ఉంటుంది, ఉప్పు లోటును అది చాలావరకు పూడుస్తుంది. ఇక్కడ మీకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఉల్లిపాయలు వేయించేటప్పుడు ఉప్పు వేస్తే నీరు వదిలి త్వరగా మగ్గుతాయి, చేయి అలవాటుగా ఉప్పు గిన్నెలోకి పోతుంది. వేయకండి. బదులుగా సన్నని సెగ మీద మూత పెట్టి, అడుగంటుతుందనిపించినప్పుడల్లా ఒక చెంచా నీళ్లు చల్లి గీకుతూ ఉండండి. ఓ పావుగంట ఎక్కువ పడుతుంది. అప్పుడు మూత తీసి ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, వెల్లుల్లి, అల్లం, అప్పటికప్పుడు దోరగా వేయించి దంచిన జీలకర్ర, ధనియాలు వేయండి. పాత పొడి డబ్బాలో ఏనాడో పోయిన వాసన ఉప్పు లేని కూరలో ఇట్టే దొరికిపోతుంది. పుట్టగొడుగుల్ని విడిగా, పెద్ద మంట మీద నీరంతా ఇగిరి రంగు తిరిగేదాకా వేయించి కలపండి. టమాటా నూనె తేలేదాకా మగ్గాలి.

మీ ఒక్క స్పూన్ ఉప్పూ కూర దింపాక వేసి కలపండి. ముందే వేస్తే ముక్కల లోపలికి ఇంకిపోతుంది, నాలుకకు తెలిసేది కొంత, తెలియకుండా కడుపులోకి పోయేది కొంత. చివర్లో వేసింది పైపైన ఉండి ముందు నాలుకకు తగులుతుంది. ఆ తర్వాత పులుపు. నిమ్మరసమైనా సరే, వెనిగరైనా సరే, చింతపండైనా సరే, పులుపు ఉన్న ఉప్పును ఎక్కువ చేసి చూపిస్తుంది. ఏదో లోపించిందనిపించినప్పుడు ఉప్పు గిన్నె వైపు చూడకుండా పులుపు రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ రుచి చూడండి. ఎక్కువసార్లు లోపించింది అదే అయి ఉంటుంది. పొగలు కక్కుతున్నప్పుడు కాకుండా, తినే వేడికి వచ్చాకే రుచి చూడాలి.

పిల్లల సంగతికి ఇప్పుడొచ్చాను. పైపైన చల్లిన ఉప్పు ఇలా ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి, పిల్లలు తమ పళ్లెంలో కాసింత చల్లుకుంటే వాళ్ల అలవాటు రుచి వచ్చేస్తుంది. బల్ల మీద చిల్లుల డబ్బా పెట్టకండి, ఎంత పడుతుందో తెలియదు. చిన్న గిన్నెలో ఉప్పు, అందులో బుల్లి చెంచా. పక్కనే నిమ్మచెక్కలు, మిరియాల పొడి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, వేయించిన వెల్లుల్లి ముక్కలు పెట్టండి. పన్నెండు మందీ తలా ఒకటి చల్లుకుంటూ ఉంటే పెద్దనాన్నగారు మిరియాలు చల్లుకోవడం ఎవరి కంటికీ ఆనదు.

మిగతా మెనూ గురించి పెద్దగా ఆలోచించకండి. ఉప్పు వేయకుండా వండిన అన్నం, ఉప్పు వేసే రెండో వంటకంగా ఆయనకు బాగా ఇష్టమైనది, పెరుగులో కీరా, పుదీనా కలిపిన ఒక చల్లటి గిన్నె, చివర్లో పళ్లు, ఒక తీపి. తీపిలో సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు వెన్న, ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొడులు లేకుండా చూడండి, చాలు. పాలు, పంచదార, గింజపప్పులతో చేసే ఏ తీపైనా నిశ్చింతగా పెట్టొచ్చు, షుగర్ లేకపోతేనే సుమా.

మీ తమ్ముడి ప్యాకెట్ మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను. లో-సోడియం ఉప్పుల్లో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు మామూలు ఉప్పు బదులు ఇది వాడొచ్చని 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. కిడ్నీల పనితీరు తగ్గినవాళ్లనూ, ఇంకేదైనా కారణంతో పొటాషియం సరిగా బయటికి పోనివాళ్లనూ, గర్భిణులనూ, పిల్లలనూ మాత్రం ఆ సూచనలో కలపలేదు. గుండె బలహీనతకు మామూలుగా ఇచ్చే మందుల్లో కొన్ని ఒంట్లో పొటాషియంను నిలిపి ఉంచుతాయి. పేరు "-ప్రిల్" అనో "-సార్టాన్" అనో ముగిసేవి, స్పైరనోలాక్టోన్ లాంటివి. వాటి మీద ఈ ఉప్పు కూడా తోడైతే పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు, పైకి ఏ లక్షణమూ కనబడకుండానే. ఆయన డాక్టర్ స్వయంగా వాడమంటే తప్ప వద్దు. అలాగని ఉత్సాహం కొద్దీ ఆయనకు ఉప్పు పూర్తిగా మాన్పించే పనీ మీరు పెట్టుకోకండి. డాక్టర్ చెప్పిన అంకె ఎంతో, మీ పని అంతవరకే. ప్యాకెట్ వద్దన్నారని తమ్ముడు చిన్నబుచ్చుకుంటే పళ్లు తెమ్మనండి.

చుట్టాలు తలా ఒక వంటకం తెచ్చే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఇదే దారి. "ఉప్పు తక్కువ వేసి తీసుకురండి" అని ఎవరికీ చెప్పకండి. ఒక్కొక్కరి "తక్కువ" ఒక్కో రకం. పళ్లు, తాగడానికి ఏదైనా, పూలు, ఉప్పుతో పని లేని తీపి, వీటిని పంచేయండి. ఎంత చెప్పినా ఎవరో ఒకరు వేపుడు గిన్నె పట్టుకొస్తారు. తీసుకుని, బల్ల అవతలి కొసన పెట్టండి, అంతే.

ఊరగాయ గురించి. దాచేయకండి, పన్నెండు మందికీ పథ్యం పెట్టినట్టవుతుంది. ఎవరి పళ్లెంలోనూ మీరు వడ్డించకండి. అవతలి కొసన, చిన్న గిన్నెలో, చిన్న చెంచాతో ఉంచండి, కావాలన్నవాళ్లు అడిగి వేసుకుంటారు. పెద్దనాన్నగారితో ముందు రోజే, ఎవరూ లేనప్పుడు, ఒక మాట చెప్పండి. "పెద్దనాన్నా, అన్నీ మీరు తినగలిగేలాగే వండుతున్నాను, ఏదీ అడగక్కర్లేదు, ఊరగాయ ఒక్కటీ మీ లెక్కలో లేదు" అని. అదీ ఒక్కసారే. బల్ల దగ్గర ఆయన చెయ్యి అటు వెళ్లినా అందరి ముందూ ఆపకండి, మీ అమ్మగారిని, పెద్దమ్మగారిని కూడా ఆపనివ్వకండి. పక్కన పెట్టుకున్న ఆ 200 ఇలాంటి వాటికే. నాలుకకు రాసుకునేంత ఊరగాయ అందులో సర్దుకుంటుంది, చెంచాడు సర్దుకోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, చిన్నపిల్లాడు కాదు. కొసరి కొసరి వడ్డించే చుట్టం ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, ఆ చుట్టాన్ని ఆయన పక్కన కూర్చోబెట్టకండి.

భోజనాలయ్యాక ఇంకొకటి కాచుకుని ఉంటుంది. కడుపు బరువుగా ఉందని ఎవరో నీళ్లలో వేస్తే బుసబుసా పొంగే పొడి కలిపి అందరికీ ఇస్తారు. అలాంటి పొడుల్లో చాలావాటికి ఆధారం వంటసోడానే, ఒక్క గ్లాసుతో వందల మిల్లీగ్రాముల సోడియం పోతుంది. నీళ్లలో బుసబుసా పొంగుతూ కరిగే తలనొప్పి మాత్రలూ అంతే. ఆయనకు అవి ఇవ్వొద్దని పెద్దమ్మగారికి చెప్పి ఉంచండి.

ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లను రోజూ పొద్దున్నే బరువు చూసుకోమంటారు. పండుగ మర్నాడు అది మానకుండా చూడమనండి. ఒక్క రోజులో కిలోకి పైగా కానీ, వారంలో రెండు కిలోలకు పైగా కానీ పెరిగితే, కాళ్లు వాచినా, పడుకున్నప్పుడు ఆయాసం వచ్చినా, ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాలి. డాక్టర్ మీకు వేరే అంకె చెప్పి ఉంటే దాన్నే పాటించండి.

వంటలో ఉప్పు కలిపే ముందే ఆ రెండు కూరల్లోంచి నాలుగేసి గరిటెలు తీసి వేరే గిన్నెలో పెట్టి ఉంచండి. వెళ్లేటప్పుడు వాటిని, మిగిలిన కాల్చిన కూరగాయల్ని డబ్బాల్లో సర్ది, మూత మీద "ఉప్పు వేయలేదు" అని రాసి పెద్దమ్మగారి చేతికివ్వండి. రాత్రికి ఆవిడ మళ్లీ పొయ్యి వెలిగించాల్సిన పని ఉండదు.